వేలెడు సవతి

యామినికి సవతి ఉందన్న సంగతి పెళ్లయిన రెండో నెలలో బయటపడింది. ఆ సవతి ఎత్తు వేలెడు. ఒళ్లంతా గాజు. మెడ పొట్టి. మూతి ఎంత సన్నమంటే శెనగగింజ కూడా దూరదు. కర్నూలులో వాళ్లింటి హాల్లో, అద్దాల బీరువాలో, ఎర్ర మఖమలు గుడ్డ మీద తనలాంటి మరికొందరితో కలిసి దర్జాగా కూర్చుని ఉంది.

బయటపడిన తీరు ఇది. ఆదివారం పొద్దున యామిని తలంటి పోసుకుని, చిలకపచ్చ చీర కట్టుకుని, ఉగ్గాని మీద పప్పుల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి హాల్లోకి తెచ్చింది. పళ్లెం ఎంత ముద్దుగా కుదిరిందో చూసి తనకు తానే మురిసిపోయింది. భూపేష్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. రాజ్ విహార్ దగ్గర అతనికి కళ్లద్దాల అంగడి ఉంది. అక్కడి భూతద్దం ఒకటి ఎప్పుడూ జేబులోనే ఉంటుంది.

"శానా అందంగా ఉండావే," అన్నాడు మెల్లగా.

యామినికి చెవులు వేడెక్కాయి. పళ్లెం పట్టుకునే తల వంచి, "నిజంగానా?" అంది.

"ఆఁ?" భూపేష్ ఇటు తిరిగాడు. ఒక చేతిలో గాజుబుడ్డి, రెండో చేతిలో టార్చి వెలుగుతున్న ఫోను, కంటికి భూతద్దం. "నిన్ను కాదు, దీన్నంటి," అనేసి, వెంటనే నాలుక్కరుచుకున్నాడు.

బజ్జీలు చల్లారిపోయాయి.

అవి చైనా వాళ్ల పొడుం బుడ్లు. ఒకప్పుడు అక్కడి దొరలూ దొరసానులూ ముక్కుపొడుం వాటిలో పోసుకుని, మూతకు అతికించిన చిన్న పుల్లగరిటెతో తీసి పీల్చేవాళ్లట. తర్వాత తర్వాత ఆ బుడ్లకు లోపలివైపు బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. పైన కాదు, లోపల. కొక్కెంలా వంచిన కుంచెను ఆ సన్నటి మూతిలోంచి పోనిచ్చి, గాజు వెనకనుంచి, అంతా తిరగేసి వేయాలి. తను జేజి అని పిలిచే నాయనమ్మ పొడుం డబ్బాలతో ఆడుకుంటూ పెరిగిన భూపేష్, హైదరాబాదులో చదువుకునే రోజుల్లో పాత సామాన్ల అంగట్లో అలాంటి బుడ్డి ఒకటి చూశాడు. ఆ రోజుతో అతని బుద్ధి ఆ బుడ్డిలోకి దూరింది, మళ్లీ బయటికి రాలేదు.

"మనం బొమ్మ గీస్తే ముందు మొగం, తర్వాత కన్ను, కడాకు బొట్టు కదా," అని ఆ ఆదివారమే తప్పు దిద్దుకోవడానికన్నట్టు వివరించాడు. "వీళ్లకు తలకిందులు. ముందు బొట్టు పెట్టల్ల, దాని మీద మొగం పూయల్ల. బొట్టు తప్పుగా పెట్టినావంటే మొగమే తప్పిపోతాది."

ముందు బొట్టు, తర్వాత మొగం! యామిని ఒళ్లు పులకరించింది. ఎంత బాగుందో ఆ మాట! ఏదీ చూద్దామని చెయ్యి చాపింది.

"ముట్టుకోవాకు," అన్నాడు భూపేష్. "కొత్త చేతులు."

పులకరింత అక్కడే ఆగింది. మెహందీ పోయి నెలవుతున్నా తన చేతులు ఇంకా కొత్తవా! అయినా, అతను టార్చి వేసి, ఊపిరి బిగబట్టి, బుడ్డిని ఇటు తిప్పి అటు తిప్పి చూసినట్టు తనను ఒక్కరోజయినా చూశాడా? తన మెడ ఏ కొలతో అతనికి తెలుసా?

గాజుబుడ్డి మీద అలిగి లాభం లేదని ఆమెకు తెలుసు. బీకాం చదివింది. కానీ వారం తిరక్కుండానే అలగడానికి నెత్తురూ మాంసమూ ఉన్న మనిషే దొరికింది.

ఆ మనిషి పేరు శివలీల. ఆదోనిలో ఒక స్కూల్లో డ్రాయింగు టీచరు. ఈ బుడ్ల పిచ్చివాళ్ల గుంపులో భూపేష్‌కు ఫోన్‌లో పరిచయమైంది. చైనా అక్షరాల్లో సంవత్సరాలు చదవడం నేర్చుకుంది. బుడ్డి ఫొటో చూపిస్తే అది ఏ కాలందో చెప్పగలదు. ఆమె ఫోను చేసిందంటే భూపేష్ గొంతు మారిపోయేది. "లోపల రంగు పట్టేంత గరుకు ఉండాదా? ఉండాదా! అబ్బ!" అంటూ వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగేవాడు. వంటింట్లో యామిని చేతిలో గిన్నెలు అవసరానికి మించి మోగేవి.

అసలు ముల్లు వేరే ఉంది. భూపేష్ అందరినీ వరస పెట్టి పిలిచే మనిషి. పాలామె పిన్నమ్మ. కూరగాయల బండి ఆమె అక్క. బ్యాంకులో మేనేజరమ్మ కూడా ఇతనికి అక్కే. శివలీల మాత్రం ఒట్టి శివలీల.

ఇద్దరే ఉన్నప్పుడు యామిని అడిగేసింది. జేజి ముందు మీరు అంటుంది కానీ గదిలో నువ్వే. "ఆమెను అక్కా అని పిలవచ్చు కదా నువ్వు?"

"ఎట్ల పిలిచేది? నాకంటే పెద్దదో చిన్నదో తెల్దే."

"మీరిద్దరూ వంద సంవత్సరాల బుడ్డి వయసు కనుక్కుంటారు, మనిషి వయసు తెలీదా?"

"మనిషికి అడుగున రాసుండదు కదా యామినీ," అన్నాడు భూపేష్ అమాయకంగా. అది హాస్యమని అతను అనుకున్నాడు.

ఇదంతా ఓర్చుకునేదే. వెండి డబ్బా సంగతి రాకపోతే.

యామిని మెట్టినింట్లో కాలు పెట్టిన రోజు జేజి ఆమె చేతిలో ఒక వెండి డబ్బా పెట్టింది. జేజి పేరు సుబ్బరత్నమ్మ. కొడుకూ కోడలూ కోడుమూరులో సేద్యం చూసుకుంటుంటే ఆమె మనవడి దగ్గర ఉంటోంది. ఆ డబ్బా భూపేష్ ముత్తాత పొడుం డబ్బా. మూత మీద నెమలి. నొక్కితే టిక్కుమని తెరుచుకుంటుంది, మూస్తే టిక్కుమంటుంది. ఆ చప్పుడు కోసమే యామిని రోజుకు పదిసార్లు తెరిచేది. దాంట్లో బొట్టుబిళ్లలు పెట్టుకుంది. ఎన్నిసార్లు కడిగినా మూలల్లో పాత పొడుం ఘాటు పోలేదు. పొద్దున్నే బొట్టు పెట్టుకునేటప్పుడు తుమ్ము వచ్చేది. తుమ్మగానే హాల్లోంచి జేజి, "సతమానం!" అని అరిచి దీవించేది. యామినికి రోజు అలా మొదలైతేనే బాగుండేది.

"శివలీల దగ్గర ఒక బుడ్డి ఉండాదంట," అన్నాడు భూపేష్ ఒకరోజు, గోరు కొరుక్కుంటూ. "గోడ మీద పిల్లి, కింద పిల్ల. పద్దెనిమిది వందల తొంభై ఎనిమిదిదంట. అట్లాంటిది ఈ జిల్లాలో ఎవురి దగ్గరా లేదు. దుడ్లు వద్దంటాంది. ఆ వెండి డబ్బా ఇస్తే బుడ్డి ఇస్తానంటాంది."

"ఏ వెండి డబ్బా?"

"అదే... నీది. ఫొటో పంపించిన్నాలే. నీకు ఇంగొకటి కొనిస్తా, దానికంటే పెద్దది."

పెద్దది! యామినికి నోరు తెరిస్తే ఏడుపొస్తుందో తిట్టొస్తుందో తెలియలేదు. తనకు ముట్టుకోవాకు. ఆమెకు ముత్తాత డబ్బా. అందులోని బిళ్లలతో సహా ఇస్తాడా ఏం?

వచ్చే ఆదివారం శివలీల వస్తుందని తేలింది. ఆ బుడ్డి పగిలిపోవాలని యామిని కోరుకుంది. ఆదోని బస్సు చెడిపోవాలని కోరుకుంది. అదీ కాకపోతే ఆ శివలీల ముసలామె అయినా అయి ఉండాలని కోరుకుంది.

ఏదీ జరగలేదు. బస్సు వేళకే వచ్చింది. శివలీల పొడుగ్గా, నిటారుగా, ఉప్పుడు బియ్యం రంగు చేనేత చీరలో, నుదుట సన్నటి విభూతి గీతతో వాకిట్లో నిలబడింది. వయసు ఇరవై ఎనిమిదీ కావచ్చు, ముప్పై ఎనిమిదీ కావచ్చు. ఇంత అందంగా ఉన్న మనిషిని ముందు పెద్దదాన్ని చేసెయ్యడమే మేలని యామినికి తోచింది.

"రా అక్కా, లోపలికి రా!" అంది గట్టిగా, భూపేష్‌కు వినపడేట్టు.

మంచినీళ్ల కోసం వంటింట్లోకి రాగానే, పీట మీద కూర్చుని చిటికెడు పొడుం పీలుస్తున్న జేజి అడిగింది. "ఏమ్మే, అక్కా అంటివి ఆయమ్మను?"

"మరి పెద్దామె కదా జేజీ."

"నీకు అక్కయితే వానికి ఏమైతాది?"

యామిని లెక్క వేసుకుంది. భార్యకు అక్క అంటే మొగుడికి... చేతిలో చెంబు ఆగింది.

"వదిన," అంది జేజి చల్లగా. "వదినతో ఎకసక్కేలాడితే అడ్డం పడేవాళ్లు ఉండరు. బాగా కుదిర్చినావు పో."

చదువుకున్నది ఎందుకు పనికొచ్చింది! తన చేతులతో తనే ఆమెను భూపేష్‌కు వదినను చేసి పెట్టింది. యామిని నీళ్లు తీసుకుపోయేసరికి హాల్లో తలలు రెండూ తగిలేంత దగ్గరగా బుడ్డి మీదికి వంగి ఉన్నాయి.

"ఇదిగో, ఈడ చూడప్పా, సంవత్సరం. వూ-షూ అని చదవల్ల," అంటోంది శివలీల. "వాళ్లకూ మన మాదిరే అరవై పేర్లు. ప్రభవ, విభవ అన్నట్ల."

"అవునా! తొంభై ఎనిమిది అంటే మనకు ఏమొస్తాది?"

శివలీల ఫోన్‌లో చూసింది. "విళంబి."

గడప దగ్గరికి వచ్చిన జేజి చెవిలో ఆ మాట పడింది. "విళంబా? నేనూ విళంబిలో పుట్టినదాన్నే!"

"అది వేరే విళంబి జేజీ. నీది అరవై ఏండ్ల తర్వాత వచ్చినది," అన్నాడు భూపేష్, బుడ్డి మీంచి కన్ను తియ్యకుండా.

"నాది ఒకటే విళంబి ఏందిరా? మళ్ల తిరిగొస్తే నాతో కేకు కోయిస్తివి కదా. నాకు వద్దురా నాయనా, మూతికంతా అంటుకుంటాది అంటే ఇంటివా?"

ముగ్గురూ నవ్వారు. యామిని నవ్వలేదు. శివలీల అతని చేతిలో బుడ్డి పెట్టి, సర్దుకుని కూర్చుంది.

"యామినీ," అన్నాడు భూపేష్. గొంతు కొంచెం తగ్గింది. "ఆ డబ్బా తీసుకురా."

గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసింది యామిని. అద్దం ముందు నిలబడి డబ్బా నొక్కింది. టిక్. బిళ్లలన్నీ అరచేతిలోకి ఒంపుకుంది, ఎర్రవి, కుంకుమరంగువి, పెళ్లిలో పెట్టుకున్న రాళ్లది. కళ్లలో నీళ్లు నిండాయి. వెంటనే తుమ్ము కూడా వచ్చింది.

"సతమానం!" అని హాల్లోంచి జేజి.

ముక్కు తుడుచుకుంటూ తల ఎత్తింది. అద్దం పక్కన గోడకు జేజి ఫొటో. ముందు కేకు, కేకు మీద అరవై, మూతికి క్రీము, వెనక మీసాలు సరిగ్గా రాని భూపేష్ పళ్లికిలించి నవ్వుతున్నాడు. రోజూ చూసే ఫొటోనే. మూల మీద తేదీ ఉంది. రెండు వేల పద్దెనిమిది.

యామిని లెక్క కట్టింది. విళంబి జేజి పుట్టకముందు ఒకసారి వచ్చింది. జేజితో ఒకసారి వచ్చింది. కేకుతో ఇంకోసారి వచ్చిపోయింది. మరి వూ-షూ? ఫోను తీసి వెతికింది. అది కూడా అంతే. పద్దెనిమిది వందల తొంభై ఎనిమిది, పందొమ్మిది వందల యాభై ఎనిమిది, రెండు వేల పద్దెనిమిది. మూడింట్లో ఈ బుడ్డి దేనిదైనా కావచ్చు!

ముందు సంతోషం పొంగింది. ఆ వెనకే భయం. ఇప్పుడు పోయి ఈ మాట అంటే డబ్బా ఇవ్వడం ఇష్టం లేక అన్నదనుకోరూ? ఓర్వలేక అన్నదనుకోరూ? ఓర్వలేకపోతున్న మాట నిజమే కదా! నిజంగా ఓర్వలేని మనిషికి నిజం చెప్పే హక్కు ఉందా లేదా?

బిళ్లలు ఒక పిడికిట్లో, డబ్బా ఇంకో పిడికిట్లో పట్టుకుని హాల్లోకి వచ్చింది. "ఇచ్చే ముందు నేనొకసారి చూడచ్చా బుడ్డిని?"

"ముట్టుకోవా..." అని భూపేష్ మొదలుపెట్టాడు.

"పట్టుకోనీలెప్పా," అంది శివలీల. "చేతులుండేది ఏంటికి మళ్ల?" యామిని డబ్బానూ బిళ్లలనూ బల్ల మీద పెట్టగానే, అతని చేతిలోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టింది. టార్చి కూడా తనే వేసి పట్టుకుంది.

అప్పటిదాకా యామిని ఆ బుడ్లను బీరువా అద్దం అవతలి నుంచే చూసింది. ఇప్పుడు లోపల ఒక ఊరు వెలిగింది. బూడిదరంగు గోడ. గోడ మీద పిల్లి, దాని మీసాలు కూడా లెక్కపెట్టేట్టు ఉన్నాయి. కింద ఎర్రగౌను పిల్ల తల పక్కకు వాల్చి, పిల్లిని పిలవాలా వద్దా అన్నట్టు చిన్నగా నవ్వుతోంది. పెదవి మూల వెంట్రుకంత గీత. ఆ గీత ముందు పెట్టి, దాని వెనక మొగం పూశాడు ఎవరో! యామిని ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాత, తను ఊపిరి బిగబట్టానని తెలుసుకుని సిగ్గుపడింది. అతను ఇలాగే చూసేవాడు కదా.

మూతి దగ్గర గోధుమరంగు మరకలున్నాయి.

"అది పాత పొడుం," అన్నాడు భూపేష్ గర్వంగా. "అప్పట్లో వాడినారనేదానికి గురుతు."

యామిని బుడ్డిని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఆగింది. మళ్లీ పీల్చింది. తుమ్ము రాలేదు.

"నాకు పాత పొడుమంటే తుమ్ము వస్తుంది," అంది. గొంతు తనకే పీలగా వినిపించింది. "రోజూ వస్తుంది. దీనికి రాలేదు." ఇక దాచలేకపోయింది. "విళంబి జేజి కేకు కోసిన ఏడాది కూడా వచ్చింది కదా. వూ-షూ కూడా వచ్చింది. నేను చూశాను."

భూపేష్ ముఖం ఎర్రబడింది. "నీకు డబ్బా ఇచ్చేది ఇష్టం లేకుంటే..."

"ఉండప్పా," అంది శివలీల. ఆమె నవ్వు పోయింది. చేతిసంచిలోంచి దూదిపుల్ల తీసి, మంచినీళ్లలో ముంచి, బుడ్డి మూతిలో ఆ మరక మీద మాత్రం అద్దింది. గోధుమరంగు దూదికి ఇట్టే అంటుకుంది. వాసన చూసింది. నాలుక కొనకు తాకించింది.

"టీ డికాషను," అంది. "పాతదాని మాదిరి కనపడల్లని పూసినారు. తొంభై ఎనిమిదా, యాభై ఎనిమిదా అని నెలంతా కొట్టుకుంటి. ఎంతసేపూ వెనక్కే చూస్తి. మొన్నటిది కూడా ఒక సంవత్సరమేనని తట్టలేదు చూడు నాకు." ఆమె బుడ్డిని చీర చెంగుతో తుడిచింది. "రోజూ దిండు కింద పెట్టుకొని పండుకున్నా దీన్ని. ఆ నెమలి డబ్బా ఫొటో చూసినప్పుడు గాని మనసు మళ్లలా."

గెలిచింది యామిని. కానీ గెలుపు నోట్లో వేపాకులా ఉంది. ఆమె చీర చెంగుతో బుడ్డిని తుడిచే తీరు చూస్తే, తను పొద్దున్నే డబ్బా తుడుచుకునే తీరే గుర్తొచ్చింది. అంతలో భూపేష్ జాలిగా శివలీల వైపు చూస్తున్నాడు. మరీ అంత జాలి అవసరమా అని యామినికి మళ్లీ కడుపులో మంట. రెండూ ఒకేసారి. ఏం చెయ్యాలో తెలియక, శివలీల సంచి భుజానికి తగిలించుకుంటుంటే పోయి చెయ్యి పట్టుకుంది.

"వదినా, అన్నం తినకుండా పోతే ఊరుకోను."

గడప దగ్గర జేజి పొడుం డబ్బా మూసి, తృప్తిగా తల ఊపింది.

శివలీల వింతగా చూసింది. "వాకిట్లో అక్కా అంటివి?"

"అది తప్పు," అంది యామిని. ముఖం కందగడ్డలా అయింది.

"ఏం తప్పు?"

"నేను జెప్తా కూచో," అని జేజి మొదలుపెట్టింది. అక్క అయితే ఏమవుతుందో, వదిన అయితే ఏమవుతుందో, ఒక్క వరస తప్పితే ఎన్ని కాపురాలు ఆగమవుతాయో పూసగుచ్చినట్టు చెప్పింది. యామిని నేలలోకి దూరిపోదామనుకుంది. శివలీల వింటూ వింటూ ఒక్కసారిగా పకపకా నవ్వింది.

"ఓయమ్మా! అదా! నేను ఫోను చేసినప్పుడంతా మీ ఇంట్లో గిన్నెలు మోగేది దీనికా? మీరు పాత్రల అంగడి కూడా పెట్టినారేమో అనుకుంటి! ఏమప్పా తమ్ముడూ, పిలువు మరి అక్కా అని!"

"అక్కా," అన్నాడు భూపేష్, బడిపిల్లవాడిలా.

"ఇంగొకసారి."

"అక్కా!"

ఆ రెండో అక్కలో కూడా గొంతు అంత తియ్యగా ఉండాలా అని యామినికి అనిపించకపోలేదు. అయినా నవ్వింది.

అన్నాలయ్యాక శివలీల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఆడబిడ్డను చేసుకున్నావు. ఆడబిడ్డ కట్నం ఏదీ?" చూపు తిన్నగా వెండి డబ్బా మీద పడింది.

బిళ్లలు పిడికిట్లోకి తీసుకుని డబ్బాలో సర్దబోతున్న యామిని వేళ్లు దాని చుట్టూ బిగుసుకున్నాయి. వరసలో ఇదొక గుంత ఉందని జేజి చెప్పలేదే!

శివలీల ఆ వేళ్లను చూసింది. తనే యామిని రెండో పిడికిలి మెల్లగా విప్పి, చెమటకు అంటుకుపోయిన బిళ్లల్లోంచి ఒక ఎర్రబిళ్ల ఏరుకుని, విభూతి గీత కింద పెట్టుకుంది. "ఇది చాల్లే. ముందు బొట్టు, తర్వాత మొగం." బుడ్డిని యామిని చేతిలో పెట్టింది. "ఇది నీకు. నా దగ్గరుంటే చూసినప్పుడంతా టీ గుర్తొస్తాది. కొత్త పెండ్లికూతురికి కొత్త బుడ్డి. బాగా ముట్టుకో."

బుడ్డి బీరువాలోకి పోలేదు. పాతది కాదు కనుక ఎర్ర మఖమలు మీద దానికి చోటు లేదన్నాడు భూపేష్. యామిని దాన్ని గదిలో అద్దం ముందు, వెండి డబ్బా పక్కన పెట్టుకుంది. సాయంత్రం దాకా పదిసార్లు చేతిలోకి తీసుకుంది. డబ్బా టిక్కుమనిపించడం, బుడ్డిలోకి టార్చి వేయడం. ఇంత చిన్న బల్ల మీద ఇంత సంతోషం ఎలా పట్టిందో!

ఎండ తగ్గాక అద్దం ముందు జడ వేసుకుంటుంటే భూపేష్ వెనక వచ్చి నిలబడ్డాడు.

"శానా అందంగా ఉండావే," అన్నాడు మెల్లగా.

ఈసారి యామిని తల వంచలేదు. "ఎవరినంటున్నావు?" అంది.

భూపేష్ కొంచెం ఆలోచించాడు. ఆలోచించి ఉండకూడదు. "ఇద్దర్నీ," అన్నాడు. చెయ్యి అప్పటికే జేబులో భూతద్దం మీద ఉంది.

యామిని చప్పున బుడ్డిని పట్టుకుని పిల్ల ముఖం అవతలికి తిప్పేసింది. అవతల ఉన్నది అద్దం. ఎర్రగౌను పిల్ల ఇప్పుడు అందులో కనపడి, తల పక్కకు వాల్చి, వాళ్లిద్దరి మధ్యలోంచి చిన్నగా నవ్వింది.